నాలుగు వేళ్ళు దించిన కారు

హఫీజ్‌పేట కమ్మరి వీరేశానికి కాదు అనే మాట నోటికి రాదు. మంచితనం అనుకునేరు, అంత లేదు. అది వాళ్ళ ఇంటి ఆచారం. కొలిమి దగ్గరికి వచ్చిన ఇనుమును వెనక్కి పంపకూడదని వాళ్ళ తాత చెప్పేవాడు. ఆ తాతకు ఎవరు చెప్పారో మనకు తెలియదు. ఊరి కమ్మరి అంటే ఊరందరి మనిషి. కల్లం అయ్యాక ప్రతి రైతూ ఇన్ని చాటల జొన్నలు, ఇన్ని చాటల వడ్లు మేర కింద అతని గోనెలో పోస్తాడు. ఆ గింజలు తిన్నవాడు ఏడాది పొడుగునా ఎవరు కర్రు తెచ్చినా, కొడవలి తెచ్చినా ‘రేపు రా’ అనవచ్చు గాని ‘చేయను’ అనకూడదు. ఇంకో కట్టు కూడా ఉంది. తాను వేసిన బండి ఇరుసు దారిలో విరిగితే కబురు అందగానే కమ్మరి అక్కడికి పోవాలి. బండి మళ్ళీ కదిలేదాకా దాన్ని విడిచి రాకూడదు. ఎవరూ అడగనక్కరలేదు, పోవడమే.

ఈ కట్లన్నీ నాగళ్ళ కాలంలో పుట్టినవి. ఆ కాలం వీరేశం కళ్ళముందే ఊడ్చిపెట్టుకుపోయింది. కొండాపురం వైపు, మాదాపురం వైపు బండల మధ్య ఉన్న చెలకలు ఒకటొకటే అమ్ముడుపోయాయి. దున్నే ఎడ్లు తగ్గాయి. మేర పోసే ఇళ్ళు ఇరవై నుంచి ఆరుకు వచ్చాయి. డెబ్బై ఒకటిలో అతను ఊళ్ళో కొలిమి ఎత్తేసి, బొంబాయి రోడ్డు మీద మియాపూరు మలుపు దగ్గర నాలుగు రేకులు వేసుకుని కూర్చున్నాడు. సమ్మెట తెచ్చుకున్నాడు, ఇనుము పెట్టి కొట్టే దాగలి తెచ్చుకున్నాడు, తిత్తి తెచ్చుకున్నాడు. వాటితోపాటు ఆ కట్లను కూడా తెచ్చుకున్నాడు. బుద్ధి ఉన్నవాడైతే ముందు వాటినే ఊళ్ళో వదిలేసేవాడు.

రోడ్డు మీద అతనికి దొరికిన పని లారీల కమాన్ పట్టీలది. లారీ కింద, ఇరుసు మీద, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఉక్కు పట్టీలు ఉంటాయి. విల్లులా వంగి ఉండి, బరువు మోసి, గుంతల కుదుపు మింగేవి అవే. ఏళ్ళ తరబడి రాళ్ళ లోడు మోసి అవి వంపు పోయి బల్లపరుపు అవుతాయి. వీరేశం వాటిని విప్పి, ఎర్రగా కాల్చి, మళ్ళీ వంపు తెచ్చి, పాత ఇంజను నూనెలో ముంచి, తిరిగి సన్న సెగ మీద పెట్టి పదును పట్టేవాడు. ఆ రెండో సెగలోనే ఉంది విద్యంతా. అది ఎక్కువైతే పట్టీ మెత్తబడుతుంది, తక్కువైతే గాజులా విరుగుతుంది. వీరేశం ఎత్తిన కమాన్ రెండేళ్ళు కుంగదని బీదరు దాకా డ్రైవర్లు చెప్పుకునేవారు. మనిషి మెతక గాని పనిలో రాక్షసుడు.

తిత్తి ఊదేది అతని భార్య సత్తెమ్మ. వాళ్ళకు పిల్లలు నిలవలేదు. జీతగాణ్ణి పెట్టుకునే తాహతు లేదు. పద్నాలుగేళ్ళుగా పొద్దున లేచింది మొదలు ఆ బొగ్గుపొగలో కూర్చుని తోలుతిత్తి లాగీ లాగీ ఆమెకు దగ్గు పట్టుకుంది. మొదట చలికాలంలోనే వచ్చేది. తర్వాత ఎండాకాలం కూడా పోవడం మానేసింది. పట్నంలో దవాఖానకు తీసుకుపోతే డాక్టరు గొట్టం పెట్టి విని, “ఈమెను పొగ దగ్గర కూర్చోబెట్టకు. కూర్చోబెడితే ఎక్కువ రోజులు నీకు దక్కదు” అన్నాడు. వీరేశం మందుసీసాలు చంకలో పెట్టుకుని బస్సెక్కి ఇంటికి వచ్చాడు. మర్నాడు లారీ వచ్చింది. సత్తెమ్మ తిత్తి దగ్గర కూర్చుంది. ఏం చేస్తారు మరి?

అందుకే డెబ్బై నాలుగు మార్చిలో అతనికి కార్డు వచ్చినప్పుడు సత్తెమ్మ దాన్ని పసుపు బొట్టు పెట్టి దేవుడి పటం వెనక దాచింది. లింగంపల్లి దాటాక కొత్తగా పెట్టిన వ్యవసాయ పనిముట్ల ఫ్యాక్టరీలో కొలిమి షాపుకు మనుషులను తీసుకుంటున్నారు. ఏప్రిల్ ఇరవై రెండు సోమవారం, పొద్దున పది గంటలకు పని పరీక్ష. అక్కడ గాలి ఊదేది మిషను. అందులో చేరితే సత్తెమ్మ ఇక తిత్తి ముట్టనక్కరలేదు. చిక్కల్లా వయసు. ముప్పై అయిదు దాటినవాణ్ణి తీసుకోరు. వీరేశానికి మే ఒకటో తేదీకి ముప్పై అయిదు నిండుతాయి. అంటే ఉన్నది ఒక్క సందు, ఒక్క రోజు.

కార్డు వచ్చిన వారానికే ఆకాశం రంగు ఫియట్ ఒకటి వచ్చి రేకుల ముందు ఆగింది. దిగినవాడు పార్థసారథి. కాకినాడ మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళ కుర్ర ఇంజనీరు, ఆ ఫ్యాక్టరీలోనే కొలిమి షాపులో ఆఫీసరు. సనత్‌నగర్‌లో కాపురం, రోజూ ఈ రోడ్డునే పోయి వస్తాడు. మద్రాసులో చదువుకునే రోజుల్లో కార్ల పందేలు చూసి మతి పోగొట్టుకున్నాడు. పాత కారు కొన్నాడు గాని అది పందెపు కారులా నేలను అంటుకుని ఉండదే అని బెంగ.

“వీరేశం నువ్వేనా? నీ చేయి మంచిదని విన్నాను. ఈ కారును నాలుగు వేళ్ళు కిందికి దించాలోయ్.”

వీరేశం తాను సరిగా వినలేదేమో అనుకున్నాడు. “కిందికా సారూ? మీదికి లేపాలెనా?”

“కిందికే.” పార్థసారథి సీటు మీదున్న ఇంగ్లీషు పత్రిక తెరిచి బొమ్మ చూపించాడు. ఎర్రకారు ఒకటి రోడ్డుకు కడుపు ఆనించుకుని పోతోంది. “ఇదిగో, ఇలా ఉండాలి.”

వీరేశం బొమ్మను చూశాడు. ఆ రోడ్డును ఇంకా ఎక్కువసేపు చూశాడు. నున్నగా, అద్దంలా ఉంది. తల ఎత్తి బొంబాయి రోడ్డును చూశాడు.

“మూడేండ్ల సంది లేపుడే చేసిన సారూ. దించుమన్నోళ్ళు మీరే మొదలు. రెండు వేళ్ళు అయితే దించొచ్చు. నాలుగు వద్దు. గుంత వచ్చినప్పుడు చక్రం మీదికి లేవాలె కదా, దానికి జర జాగ ఉండాలె. జాగ లేకుంటే ఇనుము పోయి ఇనుముకు తలుగుతది.”

“నేను ఇంజనీర్నయ్యా బాబూ, నాకు చెబుతావా?” అని నవ్వాడు పార్థసారథి. చెడ్డవాడి నవ్వు కాదది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం, అంతే.

తిత్తి దగ్గర నుంచి సత్తెమ్మ లేచి వచ్చింది. ఫ్యాక్టరీ ఆఫీసరని అతని జేబు మీది బిళ్ళ చూసి పోల్చుకుంది. “సారూ, ఈయనకు గూడ మీ ఫ్యాక్టరీ కార్డు వచ్చింది” అంది.

“అలాగా! ఆ పరీక్ష పెట్టేది మా షాపులోనే కదా. కమిటీలో నేనూ ఉంటాను.” పార్థసారథి వీరేశం భుజం తట్టాడు. “ముందు ఇది కానియ్. నీ సంగతి నేను చూసుకుంటాను. సాయంత్రానికి అవుతుందా?”

ఇక వీరేశానికి మాట ఎక్కడిది? ఒకవైపు ఇంటి ఆచారం, ఇంకోవైపు దేవుడి పటం వెనక కార్డు. అవుతుందన్నాడు. ఆ మాట అన్న క్షణంలోనే లోపల ఏదో తప్పు చేస్తున్నానని అనిపించింది. అనిపించిందని మనసులో రాసుకుని పనిలోకి దిగాడు.

వెనక కమాన్‌లలో ఒక్కోదాని నుంచి రెండేసి పట్టీలు తీసేశాడు. అయినా రెండు వేళ్ళే దిగింది. రెండువైపులా పెద్ద పట్టీని కాల్చి, ఉన్న వంపును కూడా సమ్మెటతో కొట్టి చదును చేశాడు. అది చేస్తున్నప్పుడు చేయి మొరాయించింది. వంపు పోయిన పట్టీలకు వంపు తెచ్చి బతికినవాడు, నిక్షేపంలాంటి వంపును తానే చంపుతున్నాడు. ముందువైపు చుట్టల స్ప్రింగులు. వాటిని రంపంతో ఒకటిన్నర చుట్టు కోసేశాడు. పొద్దు వాలుతోంది, ఆఫీసరు వచ్చే వేళయింది. పెద్ద పట్టీని నూనెలో ముంచాడు గాని, రెండో సెగకు నిదానంగా పెట్టాల్సిన గంట పెట్టలేదు. పావుగంట చూపించి బిగించేశాడు. ఈ సంగతి అతనికీ తెలుసు, తిత్తి ఊదిన సత్తెమ్మకూ తెలుసు.

“అంత జల్దీ తీసినవేంది?” అంది ఆమె.

“కారు లారీ కాదు గదనే. తేలికది. ఏం గాదు” అన్నాడు.

పార్థసారథి వచ్చి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, చంటిపిల్లవాడిలా మురిసిపోయాడు. మురిపెం మూడు రోజులు నిలిచింది.

నాలుగో రోజు వచ్చి, మలుపు తిరిగితే వెనక టైరు మడ్‌గార్డును రాస్తోంది, కాలిన వాసన వస్తోందన్నాడు. వీరేశం మడ్‌గార్డు అంచును సుత్తితో లోపలికి మడిచాడు. వారం తిరక్కుండా ఇంకోటి. ఇరుసు వచ్చి చాసిస్‌కు కొట్టుకుంటోంది, కూర్చుంటే నడుం విరుగుతోందట. రెండింటి మధ్య తగలకుండా ఉండే రబ్బరు దిమ్మ ఎప్పుడూ ఆనుకునే ఉంటోంది మరి. ఇంజనీరుగారు దిమ్మను సగానికి కోసెయ్యమన్నారు. వీరేశం కోశాడు. కోసినందుకు కుదుపు ఆపే గొట్టాలు రెండూ అడుగంటా గుద్దుకుని పగిలి నూనె కార్చేశాయి. ఆ తర్వాత చందానగర్ దగ్గర రాయి తగిలి సైలెన్సరు ఊడి రోడ్డు మీద పడింది. దాన్ని తీగతో పైకి కట్టాడు. ఏప్రిల్ రెండో వారానికి ముందు టైర్లు లోపలి అంచున దారాలు తేలాయి, బయటి అంచు మాత్రం కొత్తదే. స్టీరింగు చేతిలో నిలవడం లేదు, రోడ్డు మీద గాడి కనిపిస్తే కారు అటే పోతోంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఒకటి బాగుచేస్తే రెండు చెడిపోతున్నాయి.

ప్రతిసారీ పార్థసారథి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. ప్రతిసారీ వీరేశం కారు కిందికి దూరేవాడు. ఇప్పుడు దూరడానికీ జాగ లేదు, నేలలో గుంత తవ్వుకున్నాడు. లారీలు వచ్చి, చూసి, వేరే షెడ్డుకు పోయేవి. ఒకరోజు ధైర్యం చేసి చెప్పాడు.

“సారూ, ఎన్ని చేసినా గిట్లనే అయితది. మందు ఒక్కటే. మళ్ళ ఎత్తుకు లేపుదాం. తీసిన పట్టీలు నా తాన భద్రంగ ఉన్నయి.”

“ముందు స్ప్రింగులు?”

“అవి కోసినం కద సారూ. కోసినయి అతకవు. కొత్తయి తెప్పియ్యాలె.”

పార్థసారథి ముఖం మాడ్చుకున్నాడు. షాపులో అందరి ముందూ గొప్పగా చెప్పుకున్న కారు, ఇప్పుడు మళ్ళీ లేపితే నవ్వరూ? “చూద్దాంలే. ముందు పరీక్ష అయిపోనీ” అన్నాడు. పరీక్ష మాట వినగానే వీరేశం నోరు కట్టేసినట్టు అయింది. ఆ మాటతో తన నోరు కట్టవచ్చని పార్థసారథికి తెలిసి అన్నాడో, ఊరికే అన్నాడో అతనికి ఎన్నడూ అర్థం కాలేదు.

ఆదివారం సాయంత్రం స్టీరింగు బోల్టులు బిగించి ఇస్తుంటే పార్థసారథే అన్నాడు. “రేపు నేను ఈ దారినే కదా వెళ్ళేది. తొమ్మిదిన్నరకు ఇక్కడ ఉండు. నిన్ను కార్లో తీసుకుపోతాను.”

వీరేశానికి ఆ రాత్రి సంతోషం పట్టలేదు. పరీక్ష పెట్టే ఆఫీసరు కార్లో పరీక్షకు పోవడం! సత్తెమ్మ తెల్ల చొక్కా ఉతికి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. తన సొంత సమ్మెట, పట్టకారులు, సుత్తులు గోనెసంచిలో సర్దుకున్నాడు. పరాయి సమ్మెట చేతికి కుదరదని భయం. ఆ సంచి మణుగు బరువుంది.

సోమవారం తొమ్మిదిన్నరకు కారు వచ్చింది. పార్థసారథి ముందు తలుపు తీసి రమ్మన్నాడు. వీరేశం ఒప్పుకోలేదు. ఆఫీసరు పక్కన సమానంగా కూర్చుంటే ఏం బాగుంటుంది? వెనక తలుపు తీసుకుని, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఎడమవైపు ఒదిగి కూర్చున్నాడు. ఆరు వారాలుగా ఆ కారు వెనక ఎవరూ కూర్చోలేదు. కూర్చున్నాక, బరువంతా పదును తగ్గిన ఆ పట్టీ మీదే పడుతుందని అతనికి గుర్తొచ్చింది. ముందుకు వస్తానని చెబుదామని నోరు తెరిచి, ఏమనుకుంటాడోనని మూసుకున్నాడు. మర్యాద మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో చూడండి.

చందానగర్ ముందర తూము ఉంది. దాని అవతల రోడ్డు జానెడు దిగబడి ఉంటుంది. అక్కడ కారు ఒక్కసారి కూలబడింది. కింద తుపాకీ పేలినట్టు చప్పుడు. కారు ఎడమవైపు ఒరిగి, టైరు మడ్‌గార్డులో ఇరుక్కుని, కీచుమని ఆగిపోయింది.

వీరేశం దిగి కిందికి వంగి చూశాడు. ఎడమ కమాన్ పెద్ద పట్టీ నడుమకు విరిగింది. విరిగిన చోట ఉక్కు పలుకులు పలుకులుగా, ఉప్పుగల్లులా మెరుస్తోంది. పదును పట్టని ఉక్కు అలాగే విరుగుతుంది. ఇంకొకరైతే రోడ్డును తిట్టేవారు, కారును తిట్టేవారు. అతనికి ఆ వీలు కూడా లేదు. ఆ పావుగంట సెగ అతని కళ్ళకు కట్టింది.

“ఎంతసేపు పడుతుంది?” అన్నాడు పార్థసారథి గడియారం చూసుకుంటూ. పదికి పది నిమిషాలు తక్కువ.

“పట్టీ విరిగింది సారూ. పాతయి తెచ్చి వెయ్యాలె. రెండు మూడు గంటలు.”

అదే సమయానికి వెనక నుంచి రాళ్ళ లారీ వచ్చి ఆగింది. డ్రైవరు పోచయ్య వీరేశానికి పాత బేరగాడు, వయసులో పెద్దవాడు. పటాన్‌చెరు పోతున్నాడు. సంగతి విని పార్థసారథిని ఎక్కమన్నాడు. “తమ్మీ, నువ్వు గూడ ఎక్కు. జాగ ఉంది. ఇయ్యాల నీ పరీక్ష గద” అన్నాడు వీరేశంతో.

వీరేశం సంచి వైపు చూశాడు. విరిగిన పట్టీ వైపు చూశాడు. దారిలో కూలబడింది తన చేతి పని. తాత ఎన్నడైనా ఇలా వదిలి పోయాడా?

“బండి కాడ ఎవరన్న ఉండాలె కదన్నా” అన్నాడు.

పార్థసారథి అప్పటికే లారీ మెట్టు మీద ఉన్నాడు. “అవును, ఎవరూ లేకపోతే చక్రాలు ఊడబీక్కుపోతారు. నువ్వు బాగుచేసి తీసుకురా. కమిటీకి నేను చెబుతాను. నీకు మధ్యాహ్నం పెట్టిస్తాను పరీక్ష.”

“తప్పకుండ చెప్తరు గద సారూ?”

“చెబుతానన్నాను కదా.”

పోచయ్య ఇంకోసారి వీరేశం ముఖంలోకి చూసి, తల అడ్డంగా ఊపి, గేరు వేశాడు. పోతూ పోతూ ఎదురొచ్చిన లారీని ఆపి, తీసిపెట్టిన పట్టీలు తెమ్మని మియాపూరు మలుపులో సత్తెమ్మకు కబురు చెప్పమని పురమాయించాడు.

పదకొండు అవుతుండగా సత్తెమ్మ వచ్చింది. ఎర్రటి ఎండలో, తల మీద చుట్టకుదురు, దాని మీద నాలుగు ఉక్కు పట్టీలు. దగ్గుకుంటూ వచ్చి పట్టీలు దించి, కారు నీడలో కూలబడింది. మాట రావడానికి కొంచెం సేపు పట్టింది.

“నువ్వు పోలేదా?”

“సారు చెప్తనన్నడు.”

“ఆయన చెప్పుడేంది? కార్డు ఎవని పేరు మీద వచ్చింది? నువ్వు పో. గీ బండి కాడ నేను కూసుంట. ఇప్పుడు ఉరికినా అందుతవు.”

“జాకీ మీద ఉందే. ఇరుసు ఇప్పిన. గిట్ల ఇడిసి పోతే పడిపోతది.”

“పడనియ్యి!” అని అరిచింది సత్తెమ్మ. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమె అలా అరవడం అతను వినలేదు. “ఆయన కారు పడితే ఆయన ఇంకోటి కొంటడు. నువ్వు పోరాదయ్యా, నీ కాళ్ళు మొక్కుత.”

వీరేశం లేచాడు. నిజంగానే లేచాడు. నాలుగడుగులు లింగంపల్లి వైపు వేశాడు కూడా. ఆగి వెనక్కి తిరిగి చూస్తే, జాకీ మీద వంకరగా నిలబడ్డ కారు, దాని పక్కన ఆమె. ఒకవేళ జాకీ జారితే ఆమె మీద పడుతుందేమో అనిపించింది. అది నిజమైన భయమో, పోకుండా ఉండడానికి మనసు వెతుక్కున్న సాకో, తర్వాత ఎన్నో రోజులు తనను తానే అడుక్కున్నాడు. వెనక్కి వచ్చి పానా అందుకున్నాడు. సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.

పట్టీలు బిగించి, టైరు సరిచేసేసరికి ఒంటిగంట. ఎడమవైపు పాత పట్టీలు పడ్డాయి గనుక కారు అటు నాలుగు వేళ్ళు పైకి లేచి, కుంటిదానిలా నిలబడింది. అయినా కదులుతుంది. సత్తెమ్మను ఎదురొచ్చిన బండి ఎక్కించి ఇంటికి పంపాడు. షెడ్డులో లారీలు అటూ ఇటూ జరిపిన అనుభవంతో కారును మెల్లగా నడుపుకుంటూ ఫ్యాక్టరీ గేటు ముందుకు తెచ్చాడు. తెల్ల చొక్కా నల్లగా అయింది. సంచి భుజాన వేసుకుని దిగాడు.

గేటు దగ్గర పది మంది కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. అందరూ పరీక్షకు వచ్చినవాళ్ళే. సదాశివపేట నుంచి వచ్చిన కమ్మరి ఒకడు జరిగి చోటిచ్చాడు.

“అయిపోయిందా?” అన్నాడు వీరేశం.

“పన్నెండుకే అయిపోయింది. కమాన్ పట్టీ ఇచ్చి, కాల్చి వంపు తెచ్చి పదును పట్టుమన్నరన్నా. ఒక్కనికి గూడ సక్కగ రాలె. నాది ఇరిగింది. కొంచెం తక్కువ చెడగొట్టినోళ్ళను ముగ్గురిని తీసుకున్నరు.”

వీరేశం సంచి కింద పెట్టి గేటు చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు.

భోజనాల గంటకు పార్థసారథి బయటికి వచ్చాడు. వస్తూనే కారు చూశాడు. “అయ్యో, ఇదేమిటోయ్, ఇటువైపు లేచిపోయిందే?” అన్నాడు. తర్వాత వీరేశం ముఖం చూసి గొంతు తగ్గించాడు. “చెబుదామనే అనుకున్నాను వీరేశం. చైర్మన్‌గారు నీ పేరు పిలిచారు కూడా. కానీ నా కారు బాగుచేస్తున్నాడు, అందుకు రాలేదని ఎలా చెప్పను? పరీక్షకు వచ్చేవాడితో సొంత పని చేయించుకుంటున్నానని అనుకోరూ? నీకే చెడ్డ. లోపల రామ్మోహనరావుగారు ఉన్నారు, లిస్టు ఆయన దగ్గరే. ఒకసారి అడిగి చూడు.” అబద్ధం ఆడలేదు, దాచలేదు. ఆ నిజాయితీని వీరేశం ఏం చేసుకోవాలి?

రామ్మోహనరావు గేటు పక్క గదిలో గుమస్తా. పెద్దమనిషి, విసుక్కోకుండా కాయితం తీసి వేలు పెట్టి చూపించాడు. పేరు ఎదురుగా ఎర్రసిరాతో ఏదో ఇంగ్లీషులో రాసి ఉంది.

“ఏం రాసిండ్రు సారూ?”

“హాజరు కాలేదని.”

“వచ్చిన గద సారూ. ఇగో, ఈడనే ఉన్న.”

“ఇప్పుడుంటే ఏం లాభం నాయనా? పది గంటలకు ఉండాల్సింది.”

“మళ్ళ ఎప్పుడు పెడతరు?”

రామ్మోహనరావు పుట్టిన తేదీ గడి మీద వేలు ఆనించాడు. “వచ్చే ఏడాది పెడతారు. నీకు ఉండదు” అన్నాడు.

వీరేశం దండం పెట్టి బయటికి వచ్చాడు. నాలుగు మైళ్ళు నడిచాడు. లారీలు ఆపి ఎక్కమన్నా ఎక్కలేదు. పార్థసారథి మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. కోపమంతా తన మీదే తిరిగింది. ఆ కారు కాదనాల్సింది తను. పావుగంటకు తీసేసింది తను. లారీ ఎక్కనిది తను. ఎండలో సత్తెమ్మ కాళ్ళు మొక్కుతానంటే విననిది కూడా తనే. ఇంటికి పోయి ఆమె ముఖం ఎలా చూడాలో తెలియక మియాపూరు మలుపు ముందర రాతి మీద చాలాసేపు కూర్చుని ఏడ్చాడు.

షెడ్డుకు వచ్చేసరికి ఇటుకల లారీ నిలబడి ఉంది, వెనక కమాన్ విరిగి. సత్తెమ్మ అప్పటికే కొలిమి ముట్టించింది. తిత్తి లాగుతోంది, మధ్యమధ్య ఆగి దగ్గుతోంది. అతని ముఖం ఒకసారి చూసి మళ్ళీ తిత్తి లాగింది.

వీరేశం సంచి కింద పడేసి ఆమె పక్కన గొంతు కూర్చున్నాడు. తిత్తి కర్ర మీద ఆమె చేతిని పట్టుకున్నాడు. “నువ్వు లే. ఇయ్యాల సంది నేను ఊదుత” అన్నాడు.

సత్తెమ్మ చేయి తీయలేదు. నిప్పుల్లో పట్టీ ఎర్రబడుతోంది.

“నువ్వు ఊదితే కొట్టేదెవరు?” అంది.

అతను లేచి సమ్మెట తీసుకున్నాడు.